నడకలంకలో ముందు వరుస

ఆశ్వయుజ శుద్ధ విదియ

గోడ ఆఫీసుకి పంపే రాత వేరు. అందులో నత్తలు ఎన్ని నీళ్ళలో ఉన్నాయి, ఎన్ని ఒడ్డున ఉన్నాయి, ఏది ఎందుకు మొరాయిస్తోంది, అంతవరకే. ఇది నా సొంతానికి. మనసులో ఉన్నది ఎక్కడో ఒకచోట కక్కకపోతే నాకు అన్నం సయించదు. ఈ లంకలో ఎవరికి చెప్పుకున్నా "పోనిద్దూ" అంటారు తప్ప వినరు.

పొద్దున్నే ఉప్పుటేరు దాటి పడవ వచ్చింది. సముద్రానికి అడ్డంగా కట్టిన గోడవతల ఊళ్ళ నుంచి గాలిమార్పుకి వచ్చినవాళ్ళు పదిమంది దిగారు. అక్కడ మేడ మీద మేడ వేసుకుని, నీళ్ళకీ నీడకీ వరసలో నిలబడి బతికే మనుషులు. నడకలంకలో వారం రోజులుండే చీటీ దొరకాలంటే వాళ్ళకి ఏళ్ళు పడుతుంది. దిగగానే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటారు. సాయంత్రానికి ఆ చెప్పులు ఎక్కడ పెట్టారో మరిచిపోతారు. ఇక్కడ తలుపులకి గడియల్లేవు, గోడలకి గడియారాల్లేవు. గాలి అనుకూలిస్తే వేటకి పోతారు, లేకపోతే పడుకుంటారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక లంక మొత్తం వల ఉయ్యాలల్లో ఊగుతుంది. ఆ వేళ ఎవరైనా గట్టిగా మాట్లాడితే కుక్కలు కూడా తలెత్తి విసుక్కుంటాయి.

వచ్చినవాళ్ళలో ఒకావిడ అడిగింది. "భోజనాలు ఎన్నింటికండీ?"

మా తోడికోడలు వరాలు ఉయ్యాల్లోంచి లేవకుండానే, "ఆకలేసినప్పుడండీ" అంది.

అందరూ పడీపడీ నవ్వారు. ఒకాయన ఆ మాటని తనలో తాను మళ్ళీ అనుకుని మురిసిపోయాడు. నిరుడు అదే ప్రశ్నకి అదే జవాబు నేనూ చెప్పాను. ఆ వచ్చినవాళ్ళు నన్ను వంటమనిషి అనుకుని, సరే ఆకలేసింది, వడ్డించమన్నారు.

వరాలుది ముందు వరుస ఇల్లు. మాది సరిగ్గా దాని వెనకాల. వాళ్ళ వసారాలో కూర్చుంటే సముద్రం తప్ప ఇంకేమీ కనపడదు. మా వసారాలో కూర్చుంటే వాళ్ళ వంటింటి వెనక గోడ కనపడుతుంది. దాని మీద ఆరేసిన వరాలు చీర కనపడుతుంది. పోపు వాసన ఒక్కటే ఉచితంగా వస్తుంది.

ఆశ్వయుజ శుద్ధ పంచమి

ఈల ఊది నాలుగు నత్తల్ని ఒడ్డుకి పిలిచాను. ఒక్కొక్కటీ దూడంత యంత్రం, పేరుకి నత్త. సముద్రం అడుగున పాకుతూ లోతులో ఇసుక పీల్చి తెచ్చి ఒడ్డు ముందు పోస్తుంటాయి. పనిలో ఉన్నంతసేపూ సన్నగా గుర్రుమంటాయి. అప్పుడప్పుడు పైకి తెచ్చి వీపుకి పట్టిన గుల్లలు గీకి, ఎండలో పెట్టి, మళ్ళీ దింపాలి. వేసవిలో గోడ ఆఫీసువాళ్ళు వీటిని తెచ్చి లంకలో ఎవరికి అప్పగిద్దామా అని చూశారు. నేను గోడ ఊరి నుంచి వచ్చిన కోడల్ని, చెప్పిన పని చెప్పినట్టు చేస్తానని నాకు కట్టబెట్టారు. గుల్లలు గీకీ గీకీ నా అరచేతులు చేప పొలుసుల్లా తయారయ్యాయి. వరాలు చేతులు చూస్తే మాత్రం నిన్న పెళ్ళయినట్టుంటాయి.

ఇవి రాకముందు మా లంక నడిచేది. సముద్రం తూర్పు ఒడ్డు తిని, ఆ ఇసుకనే పడమట ఉప్పుటేరు వైపు పోసేది. అందుకే మా ఇళ్ళకి పునాదులుండవు. తేలిక పలకల గోడలు, కింద దూలాలు, ముందు నాలుగు మెట్లు. కార్తీక పౌర్ణమి పోటుకి ముందింటి కింది మెట్టు తడిసిందంటే ఇల్లెత్తు. లంకలో జనమంతా వచ్చి ఆ ఇంటిని భుజాల మీద మోసుకెళ్ళి, ఒకదాని వెనక ఒకటిగా ఉన్న ఇళ్ళ బారు చివర పెడతారు. వెనకనున్న ఇల్లు ముందిల్లవుతుంది. ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు ఒక ఏడాది సముద్రం. మా ఆయనా ఆయన తమ్ముడూ వేరుపడినప్పుడు చీటీ వేస్తే ముందు చోటు తమ్ముడికి వచ్చింది. వరాలు అదృష్టం అలాంటిది, అది చీటీ తీయకుండానే దాని చేతిలో పడుతుంది. పోనీలే, ఒక్క ఏడాదే కదా వెనక ఉండేది అనుకున్నాను.

చోటు గురించి నాకు అంత ఏడుపు లేదు. నా ఏడుపంతా అత్త గురించి.

మా లంకలో ఒక కట్టడి ఉంది. బారులో పెద్దవాళ్ళు ముందింట్లో పడుకోవాలి. ముసలివాళ్ళ నిద్ర పలచన, సముద్రం గొంతు మారితే ముందు వాళ్ళకి తెలుస్తుంది. లేచి కంచు పళ్ళెం కొడితే వెనకవాళ్ళందరూ లేస్తారు. అలా కాపలా ఉండేవాళ్ళని 'వినే మనిషి' అంటాం. నిరుడు మా బారులో వినే పెద్దావిడ కాలం చేసింది. ఆ పని మా అత్త మరిడమ్మకి వచ్చింది. ఆ ఏటి ఇల్లెత్తులోనే వరాలు ఇల్లు ముందుకి వచ్చింది. నేను పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ మా ఇంట్లో, నా పక్క మంచం మీద పడుకున్న మనిషి తన రేకు పెట్టె పట్టుకుని దాని ఇంటికి వెళ్ళిపోయింది. అమ్మ లేకుండా పెరిగినదాన్ని నేను. అత్తే నా తల దువ్వింది, అత్తే నాకు ఈత నేర్పింది. ఒక్క ఏడాది ఓర్చుకుంటే మళ్ళీ నా ఇంటికి వస్తుందని వేళ్ళు మడుచుకుంటూ కూర్చున్నాను.

ఇప్పుడేమో నత్తలొచ్చి లంకని ఆపేశాయి. సముద్రం తినడం మానేసింది. నా చేత్తో నేను గీకి దింపే నత్తలే వరాలు గుమ్మానికి కాపలా కాస్తున్నాయి.

విజయదశమి

పండక్కి వరాలు వసారాకి వెళ్ళాను. ఈ వారం పడవలో వచ్చినవాళ్ళు సగంమంది అక్కడే ఉన్నారు. ఒకడు ఎర్ర పీతల్ని చూస్తున్నాడు, ఒకావిడ సరుగుడు తోపు నీడలో నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఏ ఇంటికైనా వెళ్ళొచ్చు వాళ్ళు. అందరూ ఇక్కడికే ఎందుకొస్తారో నాకర్థం కాదు. వరాలు ఎవరికీ మర్యాదలు చెయ్యదు. కుండలో నీళ్ళున్నాయి తాగండి, చట్టిలో కూరుంది తినండి, అంతే. అదే వాళ్ళకి గొప్ప.

అత్త మెట్టు మీద కూర్చుని వరాలు తలకి నూనె రాస్తోంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"కనకాలూ, రా కూకో. వరాలు ఎండు నెత్తళ్ళు, ఎండు సింతసిగురేసి పులుసెట్టింది. తిని సూడు, పేణం లేసొత్తాది" అంది అత్త.

ఆ ఎండుచేపల పులుసు దానికి నేర్పింది నేను. ఉప్పు ఎప్పుడు వెయ్యాలో కూడా తెలిసేది కాదు దానికి. ఆ మాట నోటిదాకా వచ్చింది. "నాకాకలి లేదత్తా" అన్నాను.

"అక్కకి ఎప్పుడూ పనే" అంది వరాలు కళ్ళు మూసుకునే. "కూకోవే అక్కా, నత్తలెక్కడికి పోతాయి."

కూర్చోలేదు. ఇంటికొచ్చి చల్లన్నం తిన్నాను. తింటున్నంతసేపూ ఆ పులుసు వాసన వస్తూనే ఉంది.

ఆశ్వయుజ పౌర్ణమి

పెద్ద పోటు వచ్చింది కానీ ముందింటి మెట్టుకి చాలా దూరంలోనే ఆగిపోయింది. నత్తలు పోసిన ఇసుక తిన్నెలా లేచి ఉంది. లంక పెద్ద గవరయ్య మావ ఒడ్డంతా తిరిగి చూసి, చేతులు వెనక్కి కట్టుకుని నవ్వాడు.

"ఈ ఏడు ఇల్లెత్తు లేనట్టేరా. ఈ లెక్కన ఇంకెప్పుడూ ఉండదేమో. బుజాలు బతికాయి" అన్నాడు.

అందరూ సంబరపడ్డారు. నాకు కడుపు మండింది. "మరి వెనక వరసల వాళ్ళ మాటేంటి మావయ్యా? మా వంతు ఎప్పుడు?" అన్నాను.

"ముందుంటే ఏంటి, ఎనకుంటే ఏంటమ్మా. నాలుగడుగులేస్తే అందరిదీ అదే సముద్రం."

"మా అత్త?"

"ఇనే మనిషి ముందింట్లోనేగా ఉండేది" అన్నాడు, నేనేదో తెలియక అడిగినట్టు.

ఇంటికొచ్చి మా ఆయన ధర్మయ్యతో చెప్పాను. వల బాగుచేసుకుంటూ విన్నాడు. "మా అమ్మ ఎంతదూరం ఎల్లిపోయిందే. కేకేత్తే పలుకుద్ది" అన్నాడు. నీకు అమ్మ కేక దూరంలో ఉంటే చాలు, నాకు చాలదు అన్నాను. నవ్వి మళ్ళీ వల పట్టుకున్నాడు. ఈ లంక మగాళ్ళకి కోపం తెప్పించడం కూడా నావల్ల కాదు.

ఆశ్వయుజ బహుళ షష్ఠి

మా బారు ఎదురుగా పనిచేసే నాలుగు నత్తల్ని గీకడానికి పైకి తెచ్చాను. గీకాను. ఎండలో పెట్టాను. సాయంత్రం మళ్ళీ దింపాలి.

దింపలేదు.

నత్తల్ని బాగుచేసే నా పాకలోకి తోసి, పైన పాత వలలు కప్పాను. గోడ ఆఫీసుకి మరమ్మతులో ఉన్నాయని రాసి పంపాను. రెండు రోజులు, అంతే. ఒడ్డు కాస్త కరిగితే గవరయ్య మావ బుద్ధి మారుతుందేమో చూద్దామని. సముద్రం తన పని తాను చేసుకుంటే ఎవరికి నష్టం? ఇన్నాళ్ళూ చేసిందే కదా. ముందింటివాళ్ళు వెనక్కి పోవడం ఈ లంకలో ఎవరికీ అవమానం కాదు.

ఇలా నాకు నేను చాలా చెప్పుకున్నాను. అన్నీ బాగానే ఉన్నాయి.

ఆశ్వయుజ బహుళ ఏకాదశి

రెండు రోజులు కాస్తా ఐదయ్యాయి. తిన్నె ముందు భాగం విరిగి పడింది. అది పడిన చోటు నిలువుగా గోడలా ఉంది. వరాలు దాని మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ జామకాయ తింటోంది.

"సముద్రం మళ్ళీ తింటోందక్కా" అంది.

"అవునా" అన్నాను.

"తిననీలే పాపం. ఆకలేసినట్టుంది."

పడవలో వచ్చినవాళ్ళు ఉంటే దీనికీ పడీపడీ నవ్వేవాళ్ళు.

నేను ఇంటికి తిరిగేలోగా అత్త పిలిచింది. మెట్టు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. చేట మీద నుంచి కళ్ళెత్తకుండా అడిగింది.

"నత్తలన్నీ బాగున్నాయా కనకాలూ?"

"బాగున్నాయత్తా."

"అన్నీ నీళ్ళలోనే ఉన్నాయా?"

"ఉన్నాయి."

"రేత్రిళ్ళు వాటి గుర్రు నాకు ఇనపట్టం లేదే. మనకెదురుగా అసలే ఇనపట్టం లేదు."

ఒక్క క్షణం చాలు నిజం చెప్పడానికి. నా నోట్లోంచి ఇంకోటి వచ్చింది. "వయసు మీద పడుతోంది కదత్తా. చెవులు మందగించి ఉంటాయి" అన్నాను.

అత్త చేట పక్కన పెట్టి నా వైపు చూసింది. కోపం లేదు. "అంతేనంటావా" అంది. "అంతే అయ్యుంటాది."

ఇంటికొచ్చాక చాలాసేపు చేతులు కడుక్కున్నాను. సముద్రం గొంతులో జలుబు చేసినా కనిపెట్టే మనిషిని పట్టుకుని చెవిటిదానివన్నాను. అయినా పాక తలుపు తియ్యలేదు.

దీపావళి అమావాస్య

లంకలో టపాసులు కాల్చం, తాబేళ్ళు బెదురుతాయని. ఇసకలో దీపాలు పెట్టి చుట్టూ కూర్చుని పాడుకుంటాం. అది వరాలు ఇంటి ముందే, ఎప్పటిలాగే. అమావాస్య పోటు తిన్నెని మరికాస్త కొరికింది. పిల్లలు దీపాల్ని వెనక్కి జరుపుకున్నారు. పెద్దవాళ్ళు చాపలు వెనక్కి జరుపుకున్నారు. సముద్రం ఎందుకొస్తోందని ఒక్కరూ అడగలేదు. గోడ ఊళ్ళో ఒక చుక్క నీరు కారితే నలుగురు పరిగెత్తుకొస్తారు. ఇక్కడ చాపలు జరుపుకుంటారు. వీళ్ళని చూస్తే ఒకప్పుడు ముచ్చటేసేది. ఇప్పుడు వీళ్ళ నిశ్చింత చూసినా నాకు కుళ్ళే. నాకెందుకు రాదు అది? ఇన్నేళ్ళు ఈ ఇసకలో తిరిగినా నా కాళ్ళకి ఆ నడక ఎందుకు పట్టుబడలేదు?

కార్తీక శుద్ధ దశమి

గోడ ఆఫీసు నుంచి తాఖీదు. తుఫాను గాలి ఎక్కడో దక్షిణాన పోతోంది, పౌర్ణమి పోటు మామూలుకంటే ఎత్తుగా ఉంటుంది, నత్తలన్నీ నీళ్ళలో ఉంచవలెను.

భయమేసింది. ఇంక చాలు అనుకున్నాను. పొద్దున్నే పాక తీసి, రెండు నత్తల్ని ఇసక మీదకి తోశాను. దారి వరాలు ఇంటి పక్క నుంచే. తోసుకుంటూ వెళుతుంటే వాళ్ళ వసారా కనిపించింది. అత్త చద్దన్నం కలిపి ముద్దలు చేస్తోంది. ఉయ్యాల్లో పడుకున్న వరాలు నోరు తెరిచింది. అత్త దాని నోట్లో ముద్ద పెట్టింది, చంటిపిల్లకి పెట్టినట్టు. అది నమిలి, మళ్ళీ నోరు తెరిచింది.

నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా ముద్దలు కలిపి పళ్ళెంలో పెట్టి ఇచ్చేది అత్త. నోట్లో ఎప్పుడూ పెట్టలేదు. నేను అడగలేదు కూడా. అడగొచ్చని నాకు తెలియదు.

నత్తల్ని వెనక్కి తిప్పాను. పాకలోకి తోసి వలలు కప్పాను. పౌర్ణమికి మెట్టు తడవాలి, తడిసి తీరాలి. అత్త నా ఇంటికి రావాలి.

కార్తీక పౌర్ణమి

 జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పోటు. మెట్టు తడవాలనుకున్నాను, సముద్రం మెట్టు దగ్గర ఆగలేదు. జనం ఇంకా పళ్ళు తోముకుంటున్నారు. కంచు పళ్ళెం మోగింది. అత్త కొడుతోంది, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ ఎడం లేకుండా. నేను పరిగెత్తేసరికి తిన్నె లేదు. మెట్లు లేవు. వసారా కింద ఇసక జారిపోయి ఇల్లు సముద్రం వైపు ఒరిగింది. అత్త వసారా అంచున నిలబడి, ఒక చేత్తో స్తంభం పట్టుకుని, ఇంకో చేత్తో పళ్ళెం స్తంభానికేసి కొడుతోంది. మోకాలి దగ్గర చీర ఎర్రగా ఉంది. పడ్డట్టుంది.

"అత్తా దిగు, దిగిపో" అని అరిచాను.

"అందరూ లేశారా?" అంది. ఆ మాట అడిగేదాకా కొట్టడం ఆపలేదు.

మా ఆయనా ఆయన తమ్ముడూ నీళ్ళలోకి దిగి ఆవిడని ఎత్తుకొచ్చారు. తర్వాత లంకంతా వచ్చేసింది. ఈ జనం ఎప్పుడూ పరిగెత్తగా నేను చూడలేదు. మాటల్లేవు, కంగారు లేదు, ఎవరి భుజం ఎక్కడ పెట్టాలో అందరికీ తెలుసు. గవరయ్య మావ "ఓసోస్" అన్న ప్రతిసారీ ఇల్లు ఒక అడుగు కదిలింది. నేనూ ఒక దూలం కింద భుజం పెట్టాను. నా పక్కన వరాలు. దాని ఊపిరి నాకు వినపడుతోంది. అది నా వైపు చూడలేదు.

ఎండెక్కేసరికి ఇల్లు బారు చివర, ఉప్పుటేరు ఒడ్డున కూర్చుంది. సామాను చూశారు. వరాలు చట్లూ బట్టలూ అన్నీ మూటలు కట్టి అటక మీద పెట్టి ఉన్నాయి, ఒక్కటీ తడవలేదు. దానికి ఇక్కడ కూడా అదృష్టమేనా అనుకున్నాను. తడిసింది అత్త రేకు పెట్టె ఒక్కటే. కింద మంచం పక్కనే ఉండిపోయింది. తెల్లచీరలు, పోయిన మామగారి చొక్కా, అన్నీ ఉప్పునీళ్ళలో నాని ముద్దయిపోయాయి.

మా ఇల్లు ముందు వరుస అయింది. వసారాలో నిలబడ్డాను. ఎదురుగా సముద్రం, ఎవరి వంటగదీ లేదు. నా పక్క మంచం దులిపి కొత్త చాప వేశాను. అత్త కోసం నెత్తళ్ళ పులుసు పెట్టాను.

రాలేదు. కాలికి దెబ్బ కదా, రేపు వస్తుంది.

కార్తీక బహుళ విదియ

రెండో రోజు కూడా రాకపోతే నేనే వెళ్ళాను. బారు చివర ఇంటి ముందు మడచెట్ల నీడ పడుతోంది. అప్పుడే అక్కడ పదిమంది చేరిపోయారు. పడవలో కొత్తగా వచ్చినవాళ్ళు ఉప్పుటేట్లో కాళ్ళు పెట్టుకుని, ఇంత ప్రశాంతమైన చోటు ఎక్కడా చూడలేదంటున్నారు. ముందు వరుస ఒడ్డున ఒక్క మనిషి లేడు. మా వసారా అంతా ఖాళీగా ఉంది.

గవరయ్య మావ అత్త మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "నీ గురించే అనుకుంటన్నామమ్మా. మరిడమ్మొదినా, కాలి దెబ్బ మానేక ముందింటికి ఎల్లాలి నువ్వు" అన్నాడు.

"నేనెల్లను మరిదీ" అంది అత్త. నెమ్మదిగా అంది. "నాకు సెవుడొచ్చింది."

"నీకా? మొన్న అందరికన్నా ముందు పళ్ళెం కొట్టింది నువ్వేగా?"

"కింద నీళ్ళు తగిలాక కొట్టాను. అది సెవిటోళ్ళు కూడా కొడతారు. నత్తల గుర్రు ఇనపట్టం లేదని కనకాలుతో అంటే, వయసొచ్చింది, సెవులు పోయాయంది. నత్తలు సూసుకునే మనిషి అదే. దానికన్నా ఎవరికి తెలుసుద్ది? ఇనలేనిదాన్ని ముందింట్లో పడుకోబెడితే బారంతా మునుగుద్ది."

గవరయ్య మావ నా వైపు తిరిగాడు. "నిజవేనా అమ్మా? అలా అన్నావా?"

లంకలో వినే మనిషికి చెవుడుందంటే చిన్నమాట కాదు. కాదంటే నత్తలు ఎందుకు వినపడలేదో చెప్పాలి. పదిమందీ నా వైపు చూస్తున్నారు. అత్త మాత్రం చూడటం లేదు, దుప్పటి అంచు సరిచేసుకుంటోంది.

"అన్నాను" అన్నాను.

"అయితే ఇంక ఏం సేత్తాం. కాలు బాగయ్యేదాకా, ఆపైన కూడా వరాలు దగ్గరే ఉంటాది మీ అత్త. ఇంకో పెద్ద మనిషి దొరికేదాకా ముందింటి కాపలా నీదేనమ్మా" అని లేచాడు.

వస్తూ వస్తూ అత్త మంచం దగ్గర ఆగాను. "పులుసు పెట్టానత్తా. తెచ్చివ్వనా?"

"వరాలు పెట్టిందే అమ్మా. కడుపు నిండింది" అంది.

కార్తీక బహుళ చవితి

పొద్దున్నే పాక తీశాను. నాలుగు నత్తల్నీ ఒక్కొక్కటిగా ఒడ్డుకి తోస్తున్నాను. మూడోదాని చక్రం ఇసకలో కూరుకుపోయింది. ఎంత తోసినా కదలదు. వెనక నుంచి ఇంకో రెండు చేతులు పడ్డాయి. వరాలు.

ఇద్దరం కలిసి తోశాం. నాలుగోదాన్ని కూడా తోశాం. అది నీళ్ళలోకి దిగి గుర్రుమన్నాక, వరాలు ఒడ్డునే కూర్చుండిపోయింది. నేనూ కూర్చున్నాను. నడకలంకకి వచ్చాక దాని పక్కన పని లేకుండా కూర్చోవడం ఇదే మొదలేమో.

"నీకు తెలుసా?" అన్నాను.

"మొదటి రోజే తెలుసక్కా. అత్త సెప్పింది. తెల్లారి లేచి, 'మనకెదురు నత్తలు నాలుగూ ఆగిపోయాయే, కనకాలు పైకి లాగేసింది' అంది."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"నేను గవరయ్య మావకి సెప్తానన్నాను. అత్త నా నోరు నొక్కేసింది. 'దాని సంగతి నాకు తెలుసు, ఉక్రోసం అంతే. రేపో ఎల్లుండో దానంతటదే దింపేత్తాది. నువ్వు అల్లరి సెయ్యకు, అది నలుగురిలో తలెత్తుకోలేదు' అంది. రోజూ అదే మాట. రోజూ పొద్దున్నే మెట్టు మీద కూకుని నీ పాక వైపు సూసేది. దసమి నాడు నువ్వు రెండింటిని బయటికి తోసుకొచ్చావే, నాకు ముద్దలెడతా ఎడతా సూసింది. 'సూశావా, నే సెప్పలేదా' అని ఎంత మురిసిపోయిందో. ఆ సంబరంలో నాకు మొత్తం అన్నం తినిపించేసింది."

 వరాలు ఇసక తీసి వేళ్ళ సందుల్లోంచి వదులుతోంది.

"నేను నమ్మలేదక్కా. నిజం సెప్తున్నా. పౌర్ణమి ముందు రోజు నా సామానంతా మూటలు కట్టి అటకెక్కించాను. నీ పెట్టె కూడా ఇయ్యత్తా, పైనెడతానన్నాను. ఇయ్యలేదు. 'కనకాలు రాత్రికి దింపేత్తాది, నా పెట్టె ఎందుకే' అంది."

అది లేచి చీర దులుపుకుని, బారు చివరికి తన మామూలు నడకతో వెళ్ళిపోయింది. తొందరేం లేదు దానికి.

నేను అక్కడే ఉండిపోయాను. చీరలన్నీ తడిసి ముద్దయ్యేదాకా అత్త నన్ను నమ్మింది. నేను ఎలాంటిదాన్నో, ఎంత మంచిదాన్నో పొద్దున్నే లేచి రోజూ చెప్పుకుంది. ఆ మాటలు ఒక్కటీ నా చెవిన పడలేదు, అన్నీ వరాలు చెవిలోనే పడ్డాయి. ఇంత జరిగాక కూడా నాకు ముందు వచ్చింది కుళ్ళే. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.